వీక్షకులెవరే అమ్మాయ్?

ఉగాది వెళ్ళి నాలుగు రోజులైంది. గుమ్మానికి కట్టిన మామిడాకులు వడిలి గలగలమంటున్నాయి. పచ్చడిలో వేయగా మిగిలిన వేపపువ్వును నీడపట్టున ఆరబోశాను, చారులోకి పనికొస్తుందని. పక్కవీధి రామాలయంలో పందిరి లేచింది, సాయంత్రం ఆరయ్యేసరికి మైకు అందుకుంటోంది. మా మరిది కొడుకు పదో తరగతి పరీక్షలు రాస్తున్నాడు కాబట్టి ఆ మైకు మీద వాడికి కోపం, వాడి మీద మా అత్తగారికి కోపం. రాములవారి నవరాత్రులు పరీక్షల టైముటేబులు చూసుకుని రావురా అంటారావిడ.

ఈసారి కబుర్లకి మూలం కూడా మా అత్తగారే. ఎనభై రెండేళ్ళ మనిషి. ఉగాది నాడు తెల్లవారుజామునే తలంటి పోసుకుని, పచ్చడి నాలిక్కి రాసుకుని, టీవీ ముందు వాలుకుర్చీలో చేరారు పంచాంగ శ్రవణానికి. ఒకప్పుడైతే గుడికే వెళ్ళేవారు. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. తెరమీద పట్టుచీర కట్టుకున్న అమ్మాయి వచ్చి వీక్షకులందరికీ ఉగాది శుభాకాంక్షలు చెప్పింది. అత్తగారు నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఈ వీక్షకులెవరే? ఏ ఊరు వాళ్ళది?"

ఇంటిపేరనుకున్నారు! "మనమేనండీ అత్తయ్యా" అన్నాను.

"మనమా? ఎప్పట్నించీ?"

నవ్వొచ్చింది కానీ జవాబు రాలేదు. నిజమే, మనం ఎప్పట్నించి వీక్షకులమయ్యాం? ఇన్నేళ్ళుగా టీవీ చూస్తున్నాను, ఏనాడూ ఎవరితోనూ "నేను ఫలానా చానల్ వీక్షకురాలిని" అనలేదు. మీరూ అని ఉండరు. మనం చూస్తాం, అంతే. ఆ మాట ఎప్పుడూ అవతలి పక్కవాళ్ళ నోట్లోనే ఉంటుంది. మనకి పెట్టిన పేరే అది, కానీ మనం వాడం. పుట్టినప్పుడు పెట్టిన పేరు పెళ్ళి శుభలేఖలో తప్ప ఎక్కడా కనబడని బుజ్జిలూ చిట్టిలూ ఉంటారు చూడండి, అలాగన్నమాట.

సరే, శ్రవణం మొదలైంది. పంతులుగారు నవనాయకుల్ని చెప్పారు, రాజెవరో మంత్రెవరో. ఆదాయవ్యయాలూ, రాజపూజ్య అవమానాలూ తెరమీద పట్టికలు కట్టి వేశారు. మరో చానల్ తిప్పితే ఓ పార్టీ ఆఫీసులో ఇంకో పంతులుగారు. ఏ ఆఫీసులో కూర్చున్న పంతులుగారికి ఆ పార్టీ జాతకమే దివ్యంగా కనిపించడం మన పంచాంగానికున్న ఆరో అంగం. అత్తగారు మాత్రం కళ్ళు మూసుకుని వింటున్నారు. తెరమీద ఏం చూపిస్తున్నారో ఆవిడకి పట్టలేదు. టీవీకి వచ్చినా దాని పేరు పంచాంగ శ్రవణమే, పంచాంగ వీక్షణం కాలేదు. ఈ లెక్కన ఆ పూట మా అత్తగారు వీక్షకురాలు కారు, శ్రోత.

శ్రోత అనే మాటకి ఎనభై ఏళ్ళ పైబడిన తెలుగు చరిత్ర ఉంది. 1938లో మద్రాసు రేడియో తెలుగు మాట్లాడింది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చింది. రేడియోవాళ్ళకి వినేవాళ్ళని పిలవడానికో మాట కావాల్సి వచ్చి సంస్కృతంలోంచి శ్రోతను తెచ్చుకున్నారు. అది పురాణం వినేవాడికి ఉన్న పాత మాటే. సూతుడు చెప్తే శౌనకాదులు విన్నారే, ఆ వరస. అందుకే కాబోలు రేడియోలో కుదురుగా కూర్చుంది. పైగా ఆ శ్రోతలకి పేర్లుండేవి. కోరిన పాటల కార్యక్రమంలో పాట కన్నా ముందు ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ దండగుచ్చి చదివేవారు. మా వీధిలో ఒకాయన పేరు అలా ఒక్కసారి రేడియోలో వచ్చింది. ఆయన చనిపోయేదాకా ఆ సంగతి చెప్తూనే ఉన్నాడు. ఆయన కోరిన పాటేమిటో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

టీవీ వచ్చాక శ్రోత చాలలేదు. చూసేవాణ్ణి ఏమనాలి? చేతికందేంత దూరంలో ప్రేక్షకుడున్నాడు, నాటకాల్లోంచి సినిమాకి అప్పటికే వచ్చి కూర్చున్నవాడు. "ప్రేక్షక మహాశయులకు మనవి" అని తెర మీద పడేది గుర్తుందా, పొగ తాగరాదు అని చెప్పడానికి. ఆ మహాశయుల్నే టీవీ వాళ్ళూ తెచ్చుకున్నారు. బుల్లితెర ప్రేక్షకులన్నారు. వీక్షకుడు ఆ తర్వాత వచ్చి, ప్రేక్షకుడి పక్కనే ఓ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు చానళ్ళలో ఇద్దరూ వినిపిస్తారు. ఒకే అమ్మాయి ఒకే కార్యక్రమంలో బ్రేకుకి ముందు ప్రేక్షకులనీ బ్రేకు తర్వాత వీక్షకులనీ అంటుంది. ప్రకటనలు చూసినందుకు మనకి ప్రమోషనో ఏమో తెలియదు.

ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. సంస్కృతంలో ఈక్ష అంటే చూడటం. ప్ర చేరితే ప్రేక్ష, గుణసంధి. వి చేరితే వీక్ష, సవర్ణదీర్ఘం. ప్ర అంటే బాగా, వి అంటే విశేషంగా అని వ్యాకరణం చెప్తుంది. అంటే బాగా చూసేవాడొకడు, ప్రత్యేకించి చూసేవాడొకడు. ఈ తేడా పట్టుకుని వీడు టీవీకి వాడు సినిమాకి అని పంచడం కుదిరే పని కాదు. టీవీ చూస్తూ చిక్కుడుకాయ ఈనెలు తీసేవాళ్ళూ, ఫోన్ గెలుకుతూ మధ్యమధ్య తలెత్తేవాళ్ళూ ఏ ఉపసర్గకీ అందరు.

ఇదంతా చెప్తుంటే మా మరిది కొడుకు పుస్తకం మూసేసి వచ్చాడు. చదువు తప్పించుకోవడానికి ఏ కబురైనా వాడికి ఇష్టమే. "అయితే పెద్దమ్మా, పరీక్ష కూడా అదేనా?" అన్నాడు. అదే మరి. పరి అంటే చుట్టూ. నాలుగు వైపుల నించీ చూడటం పరీక్ష. ఆ తర్వాత ఫలితాల కోసం చేసేది నిరీక్షణ. వచ్చే మార్కుల మీద మీ నాన్న పెట్టుకున్నది అపేక్ష. నువ్విప్పుడు పుస్తకం మీద చూపిస్తున్నది ఉపేక్ష, అంటే చూసీ చూడనట్టు వదిలేయడం. నీ తెలుగు పేపర్లో రెండు మార్కులకి వచ్చే ఉత్ప్రేక్షాలంకారం కూడా ఆ ఇంటి పిల్లే, కాకపోతే రెండు ఉపసర్గలు పెట్టుకుంది. సినిమా విడుదలైన మర్నాడు పేపర్లో వచ్చేది సమీక్ష. పరీక్ష హాల్లో నీ వెనక తిరిగేది పర్యవేక్షకుడు. చైత్రమాసమంతా ఈ ఒక్క ధాతువే నడిపిస్తోందిరా అన్నాను. "దీక్ష?" అన్నాడు. అది వేరే ఇల్లు, చూడటానికి అలా ఉంటుంది కానీ బంధుత్వం లేదు. "భిక్ష?" అన్నాడు. అదీ కాదు, పుస్తకం తియ్యి అన్నాను.

నిరీక్షణ దగ్గర ఓ చిత్రం ఉంది. మనకది ఎదురుచూపు. హిందీవాళ్ళకి నిరీక్షణ్ అంటే తనిఖీ, నిరీక్షక్ అంటే ఇన్‌స్పెక్టరు. మనం ఎవరి కోసమో చూస్తూ కూర్చుంటే వాళ్ళు లాఠీ పట్టుకుని వస్తారు. ఇంకా పెద్ద చిత్రం దర్శకుడు. 1987లో ఆదివారం పొద్దున రామానంద సాగర్ రామాయణం వచ్చేది. హిందీ ముక్క రానివాళ్ళు కూడా స్నానాలు చేసి వచ్చి కూర్చునేవారు. మా ఇంటికి ఇరవై ముప్ఫై మంది. వాకిట్లో చెప్పుల జతలు లెక్కపెడితే ఆ వారం కథలో యుద్ధం ఉందో లేదో తెలిసిపోయేది. ఆ హిందీ అనౌన్సరు మాటిమాటికీ దర్శకులు దర్శకులు అంటుంటే మా మావగారికి ఒళ్ళు మండింది. "సినిమా డైరెక్టర్లకే నమస్కారాలు పెడుతోంది, పొద్దున్నే లేచి కూర్చున్న మనం మనుషులం కాదా?" అన్నారు. హిందీలో దర్శక్ అంటే చూసేవాడు. తెలుగులో దర్శకుడు అంటే సినిమా తీసేవాడు. సంస్కృతంలో ఆ మాటకి రెండర్థాలూ ఉన్నాయి, చూసేవాడూ చూపించేవాడూ. వాళ్ళు టికెట్టు కొన్నవాణ్ణి తీసుకున్నారు, మనం కెమెరా వెనక కూర్చున్నవాణ్ణి తీసుకున్నాం.

ఇరుగుపొరుగు సంగతి చూస్తే ఇంకా సరదా. కన్నడిగులు వీక్షకరు అంటారు, వాళ్ళ వార్తల చానళ్ళలో నిమిషానికోసారి వీక్షకరే వీక్షకరే అని పిలుపు. మలయాళీలకి ప్రేక్షకర్. మరాఠీవాళ్ళకీ ప్రేక్షకుడే. తమిళులు మాత్రం ఈ చూపుల గొడవలోకి రాకుండా నేయర్ అన్నారు. అది స్నేహం లోంచి వచ్చిన మాట. అభిమానం గలవాడు అని. రేడియో విన్నా నేయరే, టీవీ చూసినా నేయరే. కన్నా చెవా అన్న పేచీ లేదు. ఇన్ని భాషల్లో నాకు బాగా నచ్చింది అదే. మనవాళ్ళకి ఆ ఆలోచన రాలేదు. ఇంగ్లీషువాళ్ళ ఆడియన్స్ కూడా లాటిన్‌లో వినటం అన్న మాట నించి వచ్చిందే. వందేళ్ళ సినిమా, డెబ్భై ఎనభై ఏళ్ళ టీవీ చూసేసి కూడా వాళ్ళింకా మాట ప్రకారం శ్రోతలుగానే ఉన్నారు.

మన ప్రేక్షకుడు వయసులో పెద్దవాడు. భరతుడి నాట్యశాస్త్రం నాటకశాలని ప్రేక్షాగృహం అంది. పొడవాటిదీ, నలుచదరమైనదీ, ముక్కోణపుదీ అని కొలతలు చెప్పింది. ఆ లోపల కూర్చునేవాడికి ఏయే గుణాలుండాలో కూడా చెప్పింది. రంగస్థలం మీద ఏడిస్తే తనకీ ఏడుపు రావాలి, సంతోషిస్తే సంతోషించాలి. చదువుండాలి, శీలముండాలి, పాటా వాద్యమూ తెలియాలి. ఇలా ఓ పెద్ద చిట్టా రాసి, ఇవన్నీ ఒక్కడిలో ఉండవులే అని ఆ గ్రంథమే ఒప్పుకుంది. అంతటితో ఆగక, కుర్రాళ్ళకి శృంగారం నచ్చుతుందనీ, శూరులకి యుద్ధం కావాలనీ, ముసలివాళ్ళకి పురాణకథలు కావాలనీ వర్గాలు కట్టింది. మన కేబులు ప్యాకేజీలో సినిమా చానళ్ళు ఒక పక్కా, భక్తి చానళ్ళు ఒక పక్కా పెట్టినవాడు భరతుణ్ణి చదివి ఉంటాడని నేననను కానీ, చదవకుండానే అదే చేశాడు.

ఇంత పెద్దమనిషికి పత్రికల చేతిలో మర్యాద దక్కలేదు. "పోలీసులు ప్రేక్షకపాత్ర వహించారు" అని రాస్తారు చూడండి. కళ్ళముందు జరుగుతుంటే చేతులు కట్టుకుని నిలబడటానికి ప్రేక్షకపాత్ర అని పేరు. వీక్షకపాత్ర అని ఎవరూ రాయరు. వీక్షకుడు కొత్తవాడు కదా, ఇంకా తిట్లలోకి రాలేదు. ఇంకో సంగతి. ప్రేక్షకుడికి వాడుక తెలుగులో క్రియ లేదు. ఫలానా సినిమాని ప్రేక్షించాను అని ఎవరైనా అంటే వాళ్ళకి వంట్లో బాగాలేదనుకుంటాం. వీక్షించు ఉంది. వీక్షించండి అని ప్రకటనల్లో వస్తుంది. పేపర్లవాళ్ళకి తిలకించు ఉంది, జాతరలకీ బాణసంచాకీ తీసి వాడతారు. కాబట్టి ప్రేక్షకుడనే పెద్దాయన చూడాలంటే వీక్షించనన్నా వీక్షించాలి, తిలకించనన్నా తిలకించాలి. సొంతంగా ఆయన చేయగలిగిన పనేమీ లేదు. ప్రేక్షకపాత్ర అన్న నిందలో కాస్త న్యాయం ఉందేమో!

అచ్చతెలుగులో చూపరి అని ఒక చక్కని మాట ఉంది. పేపర్లలో అది ఇప్పుడు ఒకే ఒక్క చోట బతికి ఉంది: ముగ్గులు, పూల ప్రదర్శనలు, బొమ్మల కొలువులు "చూపరులను ఆకట్టుకున్నాయి" అంటారు. ఆకట్టుకోవడం తప్ప చూపరులకి ఇంకో బతుకు లేదు. చూపు అనే మాట మనకి ఎన్ని ఇచ్చిందో! ఎదురుచూపు, చిన్నచూపు, పెళ్ళిచూపులు. పెళ్ళిచూపుల్లో పిల్లని చూడ్డానికి వచ్చినవాళ్ళని మాత్రం వీక్షకులనకుండా పెళ్ళివారనే అన్నారు, సంతోషం. టీవీ వచ్చిన కొత్తల్లో ఎవరైనా పూనుకుని చూపరులనే మాటను పట్టుకుని ఉంటే మా అత్తగారికి ఈ సందేహం వచ్చేది కాదు.

తెలుగు చూపరులు మొదట టీవీ చూసింది హైదరాబాదులో కాదని చాలామందికి గుర్తుండదు. 1975 ఆగస్టు ఒకటి నించి ఏడాదిపాటు దేశంలో ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీలిచ్చారు. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ళగూటికి కట్టే వలలాంటి దానితో చేసిన పది అడుగుల గొడుగు, దాని కింద పంచాయతీ ఆఫీసు దగ్గరో బడి దగ్గరో ఒక్క టీవీ. ఊరంతా నేలమీద కూర్చుని వ్యవసాయం గురించీ ఆరోగ్యం గురించీ చూసేవారు. 1976 జులై ఆఖరుతో ప్రయోగం అయిపోయింది, ఉపగ్రహం వెళ్ళిపోయింది. ఆ మరుసటేడు, 1977లో, హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది. అంటే బస్తీవాళ్ళకన్నా ముందు పల్లెవాళ్ళు టీవీ ముందు కూర్చున్నారు. బస్తీవాళ్ళకిది చెప్తే ఇప్పటికీ నమ్మరు.

తర్వాత కథ మీకు తెలిసిందే. శుక్రవారం చిత్రలహరి. 1983 నవంబరు 14 నించి శాంతిస్వరూప్ గారి తెలుగు వార్తలు. ఎదురుగా అక్షరాలు చూపించే ప్రాంప్టరు లేని రోజుల్లో ఆయన కాగితాలు చూసి బట్టీపట్టి, తలెత్తి మన కళ్ళలోకి చూసి చెప్పేవారు. 2024 ఏప్రిల్లో ఆయన పోయినప్పుడు, ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డవాళ్ళలో మా అత్తగారొకరు. "నన్ను చూసి చెప్పేవాడు" అన్నారావిడ.

ఆ మాట దగ్గర నాకు ఓ సంగతి తట్టింది. నాటకం ఆడేవాడికి ప్రేక్షకుడు కనిపిస్తాడు. ముందు వరసలో కునుకు తీసేవాడెవడో, వన్స్ మోర్ అని అరిచేవాడెవడో తెలుస్తుంది. టీవీలో చెప్పేవాళ్ళకి మనం కనిపించం. నల్లటి కెమెరా కన్ను ఒకటుంటుంది, దాన్ని చూసి మనల్ని చూస్తున్నట్టు నటించాలి. కనిపించేవాడు ప్రేక్షకుడు, కనిపించనివాడు వీక్షకుడు. ఉపసర్గలు చెప్పలేని తేడా ఇది. ఏ నిఘంటువూ ఇలా చెప్పదు, నేనే చెప్తున్నాను. ఒప్పుకోవడం మీ ఇష్టం.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక కనిపించని ఈ మనిషికి గొంతు వచ్చింది, ఫోను ద్వారా. "హలో, ఎక్కణ్ణుంచండీ? ముందు మీ టీవీ సౌండు తగ్గించండి!" తెలుగు వీక్షకుడితో చానళ్ళు నేరుగా ఎక్కువసార్లు అన్న మాట అదే అయి ఉంటుంది. తగ్గించకపోతే మన గొంతు మనకే తిరిగి వినిపించి కీచుమనేది. తగ్గించేలోపు లైను పోయేది. మా ఆడపడుచు ఓ చానల్‌కి పదకొండు వారాలు ప్రయత్నించి, పన్నెండో వారం దొరికి, అడుగుదామనుకున్న పాట మర్చిపోయింది.

ఆ తర్వాత ఫోను పోయి మీటరు వచ్చింది. టీఆర్పీ అంటారే, అది. 2015 నించి బార్క్ అనే సంస్థ వారం వారం లెక్కలిస్తోంది. సీరియళ్ళవాళ్ళకి గురువారం వస్తే పరీక్ష ఫలితాలే. దేశమంతా ఉన్న టీవీలకి మీటర్లు పెట్టరు, ఎంపిక చేసిన కొన్ని వేల ఇళ్ళల్లోనే పెడతారు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బటను. అత్తగారు కూర్చుంటే అత్తగారి బటను నొక్కాలి, లేచి వెళ్తే మళ్ళీ నొక్కాలి. ఇందులో నాకు భలే నచ్చిన సంగతి చెప్తాను. మీరు ఏ చానల్ చూస్తున్నారో ఆ మీటరుకి ఎలా తెలుస్తుందనుకున్నారు? బొమ్మని చూసి కాదు. ప్రతి చానల్ శబ్దంలోనూ మన చెవికి అందని ఓ గుర్తు కలిపి పంపిస్తారు. మీటరు దాన్ని విని పట్టుకుంటుంది. అంటే వీక్షకుణ్ణి లెక్కపెట్టేది చెవి! ఇన్ని తిరుగుళ్ళు తిరిగి మళ్ళీ శ్రవణం దగ్గరికే వచ్చాం. కళ్ళు మూసుకుని పంచాంగం విన్న మా అత్తగారు ఆ లెక్కలో కూడా పక్కా వీక్షకురాలే, బటను నొక్కితే.

అన్నట్టు వీక్షకురాలు అన్న మాట మీరెప్పుడైనా టీవీలో విన్నారా? మధ్యాహ్నం సీరియళ్ళని నిలబెడుతున్నది ఆడవాళ్ళే అని అందరూ చెప్తారు. పిలిచేటప్పుడు మాత్రం వీక్షకులు, లేకపోతే మహిళా ప్రేక్షకులు. ఏకవచనంలో ఒక్కరినీ పిలవరు. యూట్యూబులో మనుషులే లేరు, వీక్షణలే ఉన్నాయి. ఒక వీడియోకి లక్ష వీక్షణలంటే లక్ష మంది అని కాదు. మా మరిది కొడుకు ఒకే క్రికెట్ ముక్కని నలభై సార్లు చూడగలడు, పరీక్షల్లో అయితే యాభై.

క్రికెట్ అంటే గుర్తొచ్చింది. ఐపీఎల్ వచ్చేసింది. రోజూ సాయంత్రం ఏడున్నర నించి మా ఇంట్లో రిమోటు మీద యుద్ధం. తెలుగు వ్యాఖ్యానం వచ్చాక అత్తగారు కూడా చూస్తున్నారు. ఎవరు ఎవరితో ఆడుతున్నారో తెలియకపోయినా నారింజ రంగు మనవాళ్ళని తెలుసు. ప్రేక్షకుడికీ వీక్షకుడికీ ఉన్న తేడా కళ్ళకి కట్టేది ఇక్కడే. ఉప్పల్ స్టేడియంలో గొంతు చించుకునేవాళ్ళు ప్రేక్షకులు, ఇంట్లో కూర్చుని బౌలరుకి సలహాలిచ్చేవాళ్ళు వీక్షకులు. 2020లో కరోనా వల్ల ఈ ఆటల్ని ఎమిరేట్స్‌కి తీసుకెళ్ళి, దుబాయ్, షార్జా, అబుదాబిల్లో ఖాళీ స్టేడియాల్లో ఆడించారు. ప్రేక్షకులు సున్నా, వీక్షకులు కోట్లు. ఆ నిశ్శబ్దం భరించలేక పాత కేరింతల్ని రికార్డు చేసినవి కలిపి మనకి వినిపించారు. లేని ప్రేక్షకుల అరుపులు ఉన్న వీక్షకుల కోసం!

ఆ ఏడాదే ఏప్రిల్ 2న శ్రీరామనవమి వచ్చింది. భద్రాచలంలో ఏటా మిథిలా స్టేడియం కిటకిటలాడుతూ జరిగే కల్యాణం ఆసారి భక్తులు లేకుండా ఆలయంలోనే జరిగింది. మార్చి 28 నించి దూరదర్శన్ పాత రామాయణాన్ని మళ్ళీ వేస్తోంది. ఊరంతా తలుపులేసుకుని కూర్చున్న రోజులవి. మా అత్తగారు టీవీ ముందు పీట వేసి, పళ్ళెంలో తలంబ్రాలు పెట్టుకుని, అక్కడ జీలకర్రా బెల్లం పెడుతున్నప్పుడు ఇక్కడ లేచి నిలబడ్డారు. ఆ పూట ఆవిడని వీక్షకురాలు అనడానికి నాకు నోరు రాదు. ఒకప్పుడు ఉషశ్రీ గారు రేడియోలో కల్యాణ వ్యాఖ్యానం చెప్తుంటే కూడా ఇలాగే నిలబడేవారట. అప్పుడూ శ్రోత అనలేం మరి. అమెరికాలో ఉన్న మా అమ్మాయి డల్లాసులో రాత్రి ఒంటిగంటన్నరకి అలారం పెట్టుకుని ఫోన్లో చూసింది. చూసి పడుకున్నావా అంటే, పానకం తాగి పడుకున్నానంది.

ఇప్పుడు మళ్ళీ నవమి వస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం భద్రాద్రి కల్యాణం. ఒంటిమిట్టలో మాత్రం పౌర్ణమి దగ్గరపడ్డాక వెన్నెల్లో రాత్రి చేస్తారు, 2015 నించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లాంఛనాలు అక్కడికే. టీవీ పుణ్యమా అని మా అత్తగారికి ఒకే రాముడికి రెండు పెళ్ళిళ్ళు చూసే భాగ్యం. ఈ లోపు మా పిల్లవాడి లెక్కల పరీక్ష అయిపోవాలి, రామాలయం మైకు కాస్త తగ్గాలి. మామిడికాయ ఇంకా టెంక పట్టలేదు కాబట్టి ఆవకాయ కబుర్లు వచ్చే నెలకి.

మొన్న రాత్రి వార్తల్లో ఆ అమ్మాయి మళ్ళీ వీక్షకులకు నమస్కారం చెప్పింది. అత్తగారు రెండు చేతులూ ఎత్తి తెరకేసి ప్రతినమస్కారం పెట్టారు. "ఎవరో తెలిశాక ఊరుకుంటే బాగుండదు కదే" అన్నారు.

నవమి నాడు మా ఇంట్లో వాలుకుర్చీ ఒక్కటే, అది ఆవిడది. వచ్చేవాళ్ళు చాపలు తెచ్చుకోండి. పానకం, వడపప్పు నా వంతు. పన్నెండు కొట్టేలోపు వచ్చేయండి, తర్వాత వస్తే చెప్పులు విప్పుకోవడానికి చోటుండదు.